నిన్న మీ ఇంట్లో ఏం పోయింది?

తిరుపతి, చిత్తూరు వైపు హైస్కూళ్ళలో కొందరు కుర్ర టీచర్లు ఇంగ్లిషు పీరియడును ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నారని విన్నాను. "నిన్న మీ ఇంట్లో ఏం పోయింది?" అని అడుగుతారట. పిల్లలు ఇంట్లో జరిగింది చెబితే, దాన్ని 'గో' అనే మాటతో ఇంగ్లిషులో బోర్డు మీద రాస్తారట. ఈ పద్ధతి ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ట్రైనింగులో ఫలానా సారు నేర్పాడని నా పేరు చెబుతారట. నాయనలారా, తల్లులారా, అది నాది కాదు. నా చేతికి ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా రిటైర్మెంటు సభలో మా హెడ్మాస్టరు "మా సారుకు అసూయ అంటే ఏందో తెలీదు" అని మైకులో అన్నప్పుడు నేను తల దించుకుని కూర్చున్నాను. జనం దాన్ని వినయం అనుకున్నారు. నిజానికి అసూయ గురించి నాకు తెలిసినంతగా ఇంగ్లిషు గురించి కూడా తెలియదు.

నేను ఏర్పేడు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో చాలా ఏళ్ళు ఇంగ్లిషు చెప్పాను. కాపురం తిరుపతిలో. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. ఆ చుట్టుపక్కల స్కూళ్ళలో నన్ను 'గో సారు' అనేవాళ్ళు. దానికి కారణం ఒక చార్టు. పెద్ద డ్రాయింగు షీటు మధ్యలో ఎర్ర అక్షరాలతో 'గో' అని రాసి, దాని చుట్టూ ఇరవైనాలుగు గీతలు గీసి, ఒక్కో గీత చివర ఒక్కో మాట రాశాను. అప్, డౌన్, అవుట్, ఆఫ్, ఆన్, బ్యాక్, త్రూ, వితౌట్, ఇలాగ. కింద తెలుగు అర్థాలు. గో అవుట్ అంటే ఆరిపోవుట. గో ఆఫ్ అంటే పేలుట. గో ఆన్ అంటే కొనసాగుట. పిల్లలు దీన్ని పాటలాగా పాడేవాళ్ళు. పక్క స్కూళ్ళ టీచర్లు వచ్చి ఫోన్లో ఫోటో తీసుకునేవాళ్ళు. ఏడాదికోసారి తిరుపతిలో దానికి లామినేషను చేయించేవాణ్ణి. మా ఆవిడ తన పట్టుచీరను కూడా అంత భద్రంగా పెట్టుకోలేదు.

అప్పుడు వచ్చింది ఆ మేడం. బదిలీ మీద గూడూరు వైపు నుంచి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. వాళ్ళ అమ్మానాన్న అక్కడ నిమ్మకాయల మండీలో కాయలు ఏరే పని చేసేవాళ్ళట. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఈ విషయం ఆమె మొదటి రోజే స్టాఫు రూములో నవ్వుతూ చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. తెలుగు మీడియం అమ్మాయి, పైగా చిన్నది, నా చార్టు చూసి చేతులు కట్టుకుంటుంది అనుకున్నాను. తొమ్మిదో తరగతిలో ఎ సెక్షను నాది, బి సెక్షను ఆమెది. పక్కపక్క గదులు. చార్టు ఫోటో తీసుకొమ్మని నేనే ఉదారంగా అన్నాను. ఆమె చార్టు ముందు నిలబడి శ్రద్ధగా చదివింది.

"బాగుండాది సార్. ఇంత ఓపిగ్గా రాసినారే," అంది. ఫోటో మాత్రం తీసుకోలేదు.

ఆ తర్వాత వారం నుంచి పక్క గదిలోంచి నవ్వులు మొదలయ్యాయి. ఇంగ్లిషు పీరియడులో నవ్వులేమిటి? కిటికీ దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. ఆమె అడుగుతోంది, "చెప్పండి, నిన్న మీ ఇంట్లో ఏం పోయింది?"

"కరెంటు పోయింది మేడం!"

"ద పవర్ వెంట్ ఆఫ్." సుద్దముక్క బోర్డు మీద టకటకలాడింది.

"పొయ్యి ఆరిపోయింది మేడం."

"ద ఫైర్ వెంట్ అవుట్."

"టమేటా రేటు పడిపోయింది మేడం. మా నాయన కాయల్ని చేన్లోనే వదిలేసినాడు."

"వెంట్ డౌన్. ఇంకా?"

"పాలు విరిగిపోయినాయి."

"ద మిల్క్ వెంట్ ఆఫ్."

ఒకడు లేచి, "కరెంటుకీ ఆఫే, పాలకీ ఆఫేనా మేడం?" అన్నాడు. నా క్లాసులో ఆ ప్రశ్న వచ్చి ఉంటే, రాసింది నేర్చుకోరా అని కూర్చోబెట్టేవాణ్ణి. ఆమె, "రెండూ మనకు పనికి రాకుండా పోయినాయి గదా?" అంది. వాడికి అర్థమైంది. కిటికీ అవతల నిలబడ్డ నాకూ అప్పుడే అర్థమైంది. అన్నేళ్ళు చెప్పిన పాఠం నాకు అప్పుడు అర్థం కావడమే నేను ఓర్చుకోలేకపోయాను.

కుళ్ళు అనేది అక్కడ మొదలైంది. అప్పటినుంచి ఆమె ఏం చేసినా నాకు కడుపులో మండేది. మధ్యాహ్నం ఆమె క్యారియరు తెరిస్తే గూడూరు నిమ్మకాయ ఊరగాయ వాసనకు స్టాఫంతా అటు చేరేవాళ్ళు. నేను నా చిత్రాన్నం ముందు పెట్టుకుని మూలన కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆమే లేచి వచ్చి నా టిఫిను మూతలో రెండు ముక్కలు వేసింది. ఎంత బాగుందంటే ఇంకా కోపం వచ్చింది.

ఒక పొద్దు ఆమె క్లాసులో, చదువులో వెనకబడిన ఒక పాప లేచి మెల్లగా చెప్పింది, "రాత్రి మా ఇంట్లో ఏం పోలేదు మేడం. అన్నం లేకుండానే పండుకున్నాము." గో వితౌట్. నా చార్టులో పంతొమ్మిదో గీత. 'లేకుండా గడుపుట' అని పచ్చ అక్షరాలతో రాసి ఉంటుంది. మేడం దాన్ని బోర్డు మీద రాయలేదు. "కూర్చోమ్మా" అని మాత్రం అంది. మధ్యాహ్నం భోజనాల వరుసలో తానే నిలబడి ఆ పాప ప్లేటులో రెండోసారి వడ్డించింది. నేను వరండాలోంచి చూశాను. జాలి ఆ పాప మీద కలగాలి కదా. నాకు కలిగింది కుళ్ళే. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ బిడ్డా నాకు అలాంటి మాట చెప్పలేదు, ఈమెకు మూడు నెలల్లోనే చెప్పారు అని.

ఇంటికి వచ్చినా ఇదే ధ్యాస. మా ఆవిడ పసిగట్టింది.

"ఏంది, నాలుగు రోజుల్నించి ఆ మేడం మాట తప్ప ఇంగోటి లేదే మీ నోట్లో?"

"బాగా చెప్తాదంట."

"బాగా చెప్తే మంచిదే గదా?"

"మంచిదే."

"మరి మొగం ఎందుకు అట్ల పెట్టుకోనుండారు?"

చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాను.

ఇంతలో జిల్లా నుంచి కబురు వచ్చింది. ఇంగ్లిషు టీచర్లకు ట్రైనింగు ఇవ్వడానికి రిసోర్సు పర్సన్లను ఎంపిక చేస్తున్నారు. ఒక స్కూలు నుంచి ఒక్కరే. ఒక అధికారి వచ్చి క్లాసు చూసి నిర్ణయిస్తాడు. మా స్కూల్లో ఇంగ్లిషు చెప్పేది మేమిద్దరమే. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఏమప్పా సారూ, ఇద్దరి పేర్లూ రాసినాను. ఒకసారి ఆ మేడం క్లాసు పోయి సూడు. పిలకాయలు భలే మాట్లాడతా ఉండారప్పా," అన్నాడు. ఆ గది ముందు నుంచి రోజూ దొంగలాగా నడుస్తున్న నాకా చెప్పేది?

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు మేడం నాతో తన మనసులో మాట చెప్పింది. మొదటిసారి ట్రైనింగుకు వెళ్ళినప్పుడు అక్కడ అందరూ ఇంగ్లిషులో పరిచయాలు చెప్పుకుంటుంటే ఈమె ఒక మాట తడబడిందట. వెనక వరుసలో ఎవరో 'తెలుగు మీడియం' అని నవ్వారట.

"ఒక్కసారి ఆ స్టేజీ మీద నిలబడి చెప్పాల సార్, నేను తెలుగు మీడియమేనని. వేరే ఆశ ఏం లేదు. మీకు రావాల్సిందే, మీరు పెద్దోళ్ళు. కానీ నాకూ ఆశ ఉండాదని మీకు దాయకూడదని చెప్తా ఉండా."

ఆమె అలా దాచకుండా చెప్పడం కూడా నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీకు ఒక ఏర్పాటు గురించి చెప్పాలి. మీలో కొందరికి తెలిసే ఉంటుంది, తెలియనట్టు నటించకండి. తనిఖీకి ఎవరైనా వస్తే, ప్రశ్న అడగగానే క్లాసులో అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతులనే పిలుస్తాడు. వెనక కూర్చున్న అధికారికి క్లాసంతా చేతులే కనబడతాయి, ఏ చెయ్యో ఎవరు చూస్తారు? నా మొదటి పోస్టింగులో ఒక పెద్దాయన నాకు దీన్ని నేర్పాడు. నా ఎ సెక్షను పిల్లలకు ఇది ఎక్కాలు అప్పజెప్పినంత బాగా వచ్చు. ఏ అధికారి వచ్చినా మా క్లాసు మెప్పు పొందకుండా పోలేదు.

ఎంపిక రోజు అధికారి వచ్చాడు. మర్యాదస్థుడు. టీ తాగి, హెడ్మాస్టరు గదిలో మా ఇద్దరితో ఒక మాట అన్నాడు. ముందే తయారుచేసుకున్న పాఠం నాకు వద్దు, సార్, మీరు మేడం క్లాసుకు చెప్పండి, మేడం, మీరు సార్ క్లాసుకు చెప్పండి. ఇద్దరికీ ఒకటే పాఠం, గో అనే మాట రకరకాల మాటలతో ఎలా కలుస్తుందో చెప్పండి.

ముందు నా వంతు. బి సెక్షనులో చార్టు తగిలించి నిలబడ్డాను. మొదటి ప్రశ్న అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. చేతులెత్తే అలవాటు వాళ్ళకు లేదని తర్వాత తెలిసింది. వాళ్ళు నేరుగా మాట్లాడతారు. "మా మామ సైకిలు కొనిస్తానని చెప్పి ఇయ్యలేదు సార్. హి వెంట్ బ్యాక్ ఆన్ హిజ్ వర్డ్," అని ఒక పిల్ల అంది. ఇంకొకడు, "మా అక్క కొండమీద డ్యూటీకి పోయింది సార్, షి వెంట్ అప్," అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు. నేను చార్టు వైపు కర్ర చూపడమే మర్చిపోయాను. అధికారి నవ్వుతూ రాసుకున్నాడు. నలభై నిమిషాలూ ఆమె పిల్లలు నాకు పాఠం చెప్పి నన్ను గెలిపించారు. గెలుస్తూ ఉన్నానని తెలుస్తూనే ఉంది, నా పిల్లలు ఇలా లేరే అని ఏడుపూ వస్తూనే ఉంది.

బయటికి వచ్చాక వరండాలో మేడం నీళ్ళు తాగుతోంది.

"సార్, మీ పిలకాయల గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?" అంది.

ఈ ప్రశ్న ముందు ఎంతసేపు నిలబడ్డానో మీకు చెప్పలేను. బహుశా మూడు సెకన్లు. ఆమె ఎప్పుడూ వెనక బెంచీల నుంచి పిలవడం మొదలుపెడుతుందని నాకు తెలుసు. నా క్లాసులో వెనక బెంచీలన్నీ ఎడమ చేతులని కూడా తెలుసు. ఒక్క మాట చెబితే చాలు.

"ఏం లేదమ్మా. మంచి పిల్లలు. చేతులెత్తుతారు," అన్నాను.

అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

నేను అధికారి పక్కన వెనక కూర్చున్నాను. ఆమె మొదటి ప్రశ్న అడిగింది. క్లాసంతా ఒక్కసారిగా చేతులు లేచాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. వెనక బెంచీ పిల్లవాణ్ణి పిలిచింది. వాడు లేచి నిలబడి నోరు మెదపలేదు. పక్కవాణ్ణి పిలిచింది. వాడూ అంతే. మళ్ళీ ప్రశ్న అడిగింది, మళ్ళీ అన్ని చేతులూ లేచాయి, మళ్ళీ వెనక వరుస, మళ్ళీ మౌనం. అధికారి కలం ఆగింది. చెయ్యెత్తి జవాబు చెప్పకపోతే చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఈ టీచరును చూసి పిల్లలు బెదిరిపోతున్నారనే అనిపిస్తుంది.

నాలుగోసారి ఒక పొడుగు పిల్లను పిలిచింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేడం గబగబా బెంచీ దగ్గరికి వెళ్ళి ఒంగింది. పిల్ల ఆమె చెవిలో ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. మేడం నిటారుగా లేచి, పిల్లల తలల మీదుగా నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత, "అందరూ చేతులు దించండి," అంది.

మెల్లగా, నవ్వుతూ, "నిన్న మీ ఇంట్లో ఏం పోయింది?" అని అడిగింది. ఆ ప్రశ్న నా పిల్లలను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బిక్కచూపులు చూశారు. చివరికి నా ఫస్టు ర్యాంకు పిల్లవాడు లేచి గోడకున్న మేకు వైపు చూస్తూ, చార్టు అక్కడే ఉన్నట్టు, "గో అవుట్ అంటే ఆరిపోవుట," అన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఇంట్లో సంగతులు మొదలుపెట్టి సిగ్గుపడి ఆగిపోయారు. గంట కొట్టారు.

నన్ను ఎంపిక చేశారు. రెండేళ్ళు ట్రైనింగులు ఇచ్చాను. తిరుపతిలో, చిత్తూరులో స్టేజీలెక్కాను. మొదటి రోజే చార్టు పక్కన పెట్టి, "నిన్న మీ ఇంట్లో ఏం పోయింది?" అని టీచర్లను అడిగాను. హాలంతా నవ్వులు, చప్పట్లు. పద్ధతి చాలా బాగుంది సార్, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగితే, "మా స్కూల్లో ఇట్లే చేస్తాం," అన్నాను. చేస్తాం అనే ఆ మాట వెనక దాక్కున్నాను.

మేడం నన్ను ఏమీ అనలేదు. అభినందించింది. ఊరగాయ ముక్కలు నా మూతలో పడుతూనే ఉన్నాయి. ఆ పొడుగు పిల్ల ఏం చెప్పిందా అని నేను ఎన్నిసార్లు ఆలోచించానో లెక్క లేదు. చివరికి నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రూలు తెలిసి ఉంటే ఆమె కుడి చేతులను పిలిచేదే కదా, పిలవలేదంటే తెలియదన్నమాట. నేనైతే పిలిచేవాణ్ణి. ఈ లెక్క పట్టుకునే రిటైరయ్యేదాకా నెట్టుకొచ్చాను.

ఇక రిటైర్మెంటు సభ. శాలువాలు అయ్యాయి, అబద్ధాలు అయ్యాయి. హెడ్మాస్టరు మైకులో, "సారు గురించి ఇంగెవరన్నా మాట్లాడతారా? చేతులెత్తండప్పా," అన్నాడు. పాత పిల్లలు చాలామంది చేతులెత్తారు. రెండో వరుసలో మేడం కూడా ఎత్తింది.

ఎడమ చెయ్యి.

నిటారుగా ఎత్తి, నన్నే చూస్తోంది. కోపం లేదు ఆ ముఖంలో. హెడ్మాస్టరు, "రాండి మేడం," అన్నాడు. నాకు ఏం పట్టిందో, ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"వద్దు సార్. ఎడం చెయ్యి ఎత్తినోళ్ళను పిలవగూడదు."

నా పాత పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. వాళ్ళకు తెలుసు కదా ఆ ఏర్పాటు. చాలాసేపు నవ్వారు. ఆ పొద్దు వరండాలో చెప్పవలసిన మాట అది. మేడం చెయ్యి దించింది.

భోజనాల దగ్గర నేనే ఆమె పక్కకు వెళ్ళాను.

"ఆ పొడుగు పిల్ల నీ చెవిలో ఏం చెప్పిందమ్మా?"

"మీ రూలు చెప్పింది సార్. ఎడం చెయ్యి ఎత్తినా గదా, నన్నెందుకు పిలిచినారు అనింది."

"అంటే ఆ రోజే తెలుసా?"

"తెలుసు. మీరే ఒకరోజు చెప్తారులే అని ఉన్నా."

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను.

"తెలిసి కుడి చేతులోళ్ళను పిలవలేదేమ్మా? పిలిచి ఉంటే ఆ స్టేజీ నీదే గదా."

ఆమె ఆకులో అన్నం కలుపుతూ, నన్ను చూడకుండానే చెప్పింది.

"తెలిసినోళ్ళను పిలిచేదానికి నేనెందుకు సార్?"

నా జాగా ఖాళీ అయింది కదా, ఈ ఏడు ఆమెను తీసుకున్నారని విన్నాను. స్టేజీ ఎక్కి మొదటి మాటే తెలుగు మీడియం అని చెప్పిందట. సంతోషించాను, కొంచెం. రిటైరైతే అసూయ కూడా రిటైరవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అన్నేళ్ళు సుద్దముక్క పట్టుకుని, తెలిసినోళ్ళను పిలిచేదానికి నేనెందుకు అనే ఆ ఒక్క మాట నా నోట రాలేదే, ఆమె నోటనే వచ్చిందే అని ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.